దాత దయకు గడువెంత? భిలాయి బస్తీ బడులలో పేద పిల్లల సీట్లు

భిలాయిలో ఒక పిల్లవాడు ఏ బడిలో చదువుతున్నాడో తెలుసుకోవడానికి అతని తెలివితేటలను పరీక్షించనక్కరలేదు. తండ్రి జేబులోని గేటు పాసును చూస్తే చాలును. అది ఉక్కు కర్మాగారం పర్మనెంటు ఉద్యోగికి ఇచ్చిన పాసు అయితే ఆ పిల్లవాడు టౌన్‌షిప్పు సెక్టార్లలో, చెట్లనీడన, ఆటస్థలం ఉన్న పాఠశాలలో చదువుతూ ఉంటాడు. కాంట్రాక్టరు మనిషిగా ఇచ్చిన పాసు అయితే బస్తీలోని సర్కారు బడిలోనో, రెండు మూడు గదులలో నడిచే చిన్న ప్రైవేటు బడిలోనో కనిపిస్తాడు. ఇద్దరు తండ్రులూ ఒకే కొలిమి దగ్గర, ఒకే షిఫ్టులో చెమటోడ్చి ఉండవచ్చు. వారి పిల్లల చదువుల మధ్య మాత్రం టౌన్‌షిప్పు ప్రహరీ అడ్డుగా నిలుస్తుంది.

ఈ ప్రహరీకి అవతల, స్థానిక సంఘాలో, భక్త సమాజాలో, చదువుకున్న గృహిణులో, విశ్రాంత ఉపాధ్యాయులో నడిపే చిన్న బడులలో ఒక ఆచారం బలపడింది. ఫీజు కట్టలేని పిల్లవాడి సీటుకు మరెవరో డబ్బు కడతారు. దీనినే స్పాన్సర్‌షిప్ అంటున్నారు. దాత సాధారణంగా పదవీ విరమణ చేసిన కర్మాగారం ఉద్యోగి అయి ఉంటాడు. లేదా ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి బెంగుళూరులోనో అమెరికాలోనో స్థిరపడిన అతని కొడుకో కూతురో అయి ఉంటారు. ఇందులోని మంచితనాన్ని శంకించవలసిన అవసరం లేదు. శంకించవలసినది ఆ మంచితనానికి ఉండే ఆయుర్దాయాన్ని. దాత మనసు ఒక సంవత్సరానికి కరుగుతుంది. పిల్లవాడి చదువుకు పన్నెండేళ్ళు పడుతుంది. ఈ రెండు లెక్కలను కలపకుండా నడిచే ఏ పథకమైనా నాలుగో తరగతిలోనో ఆరో తరగతిలోనో పిల్లవాణ్ణి నడివీధిలో వదిలిపెడుతుంది.

భిలాయి చరిత్ర తెలియనిదే ఈ సమస్య లోతు అర్థం కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, వరిపొలాల మధ్య ఈ కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతోపాటే ఊరు కూడా కొత్తగా పుట్టింది గనుక ఇళ్ళు, ఆసుపత్రి, బడులు అన్నీ ఒకే ప్రణాళిక కింద వచ్చాయి. కులం, భాష, ప్రాంతం అడగకుండా కార్మికుని పిల్లలందరికీ మంచి చదువు చెప్పించడం నెహ్రూ కాలపు ప్రభుత్వరంగం ఇచ్చిన వాగ్దానాలలో ఒకటి. ఆ వాగ్దానం చాలావరకు నెరవేరింది కూడా. సెక్టార్ల బడులలో చదివిన కార్మికుల పిల్లలు ఇంజనీర్లు, డాక్టర్లు అయ్యారు. పోటీ పరీక్షల ఊరుగా భిలాయికి పేరు రావడానికి పునాది ఆ బడులే.

తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెలను ఈ పనిస్థలానికి కలిపింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పునాదులు తవ్వడానికి, ఇటుకలు మోయడానికి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే ఉండిపోయాయి. వారిలో కొందరికి కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగాలు దొరికాయి. వారి సంతతి టౌన్‌షిప్పులో పెరిగింది. దొరకనివారు క్యాంపులలో, ఖుర్సీపార్ వంటి బస్తీలలో మిగిలిపోయారు. ఒకే ఊరి నుంచి, ఒకే బండిలో దిగిన అన్నదమ్ముల కుటుంబాలు రెండు తరాల తరువాత రెండు వేర్వేరు లోకాలలో ఉండడం భిలాయిలో వింత కాదు. అన్న మనుమడు విదేశంలో ఇంజనీరు, తమ్ముని మనుమడు తండ్రితోపాటు తాపీపనికి వెళ్ళే కుర్రవాడు. స్పాన్సర్ చేసేవాడికీ చేయించుకునేవాడికీ మధ్య ఉన్న దూరం చాలాసార్లు ఇంతే.

ఈ దూరం తగ్గకపోగా పెరిగింది. ఒక దశలో గనులతో కలిపి 60 వేలకు పైగా పర్మనెంటు ఉద్యోగులున్న సంస్థలో ఆ సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చి సగానికి ఎంతో దిగువకు చేరింది. ఉత్పత్తి మాత్రం తగ్గలేదు. ఖాళీ అయిన చోట్లను కాంట్రాక్టు కార్మికులు నింపారు. కాంట్రాక్టు పద్ధతిని ఒక పనిలో నిషేధించినంత మాత్రాన అందులోని కార్మికులు దానంతటదే ప్రధాన యజమాని ఉద్యోగులైపోరని సుప్రీంకోర్టు 2001 ఆగస్టు 30న తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యంలో ఒక పక్షం ఈ కర్మాగారం యజమాని అయిన భారత ఉక్కు ప్రాధికార సంస్థే కావడం గమనార్హం. 1993 నుంచి భిలాయి జీవితాన్ని పరిశీలిస్తూ వచ్చిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ 2020లో వెలువరించిన బృహద్గ్రంథంలో చెప్పిన ప్రధానాంశం కూడా ఇదే: ఇక్కడి శ్రామికులు ఒకే వర్గం కారు, స్థిరమైన ఉద్యోగం ఉన్నవారు, లేనివారు అనే రెండు వర్గాలుగా విడిపోయారు. కాంట్రాక్టు కార్మికునికి చట్టం భవిష్యనిధిని, ఈఎస్ఐని ఇచ్చింది. అతని బిడ్డకు టౌన్‌షిప్పు బడిలో చోటు ఇవ్వలేదు. ఉద్యోగులు తగ్గేకొద్దీ ఆ బడుల సంఖ్యా తగ్గింది.

యాజమాన్యం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. తన ఉక్కు నగరాలలో దారిద్ర్యరేఖకు దిగువనున్న పిల్లలకోసం ఉక్కు ప్రాధికార సంస్థ ప్రత్యేక పాఠశాలలు నడుపుతూ ఉచిత విద్య, మధ్యాహ్న భోజనం, దుస్తులు, పుస్తకాలు ఇస్తున్నది. కాని పేదలకు విడిగా బడి పెట్టడం ఒకటి, ఉద్యోగుల పిల్లలు చదివే బడిలోనే పేదలకు చోటివ్వడం మరొకటి. పైగా ఒక పెద్ద ఊరి బస్తీలన్నిటికీ అవి సరిపోవు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు మీడియం బడులకు సీట్లకు మించి దరఖాస్తులు వచ్చి లాటరీ తీయవలసి రావడం చూస్తే, మంచి సర్కారు బడి దొరికితే పేద తల్లిదండ్రులు ప్రైవేటు గుమ్మం తొక్కరన్న సంగతి రుజువవుతుంది. లాటరీలో పేరు రానివారే చిన్న బడి తలుపు తడుతున్నారు.

ఆ చిన్న బడి ఆర్థిక స్థితిని ఒకసారి లెక్క వేసి చూడాలి. దాతలు తరచు మరచిపోయే విషయం అక్కడే ఉంది. ఉదాహరణకు 200 మంది పిల్లలు, నెలకు 500 రూపాయల ఫీజు అనుకుందాం. అందరూ సక్రమంగా చెల్లిస్తే నెలకు లక్ష రూపాయలు. ఎనిమిదిమంది ఉపాధ్యాయినులకు తలా 8 వేల చొప్పున 64 వేలు. మిగిలిన 36 వేలలో అద్దె, కరెంటు, సుద్దముక్కలు, ఆయా జీతం, వర్షాకాలంలో కప్పు మరమ్మతు. ఇందులో 40 మంది పిల్లలను ఉచితంగా చేర్చుకుంటే రాబడి 80 వేలకు దిగుతుంది. జీతాలు పోగా మిగిలేది 16 వేలు. అద్దె కట్టడమే కష్టం. ఆ 40 సీట్లకు దాతలు దొరికితే బడి మళ్ళీ నిలబడుతుంది. సంవత్సరం మధ్యలో వారిలో పదహారుమంది చెప్పకుండా మానుకుంటే నెలకు 8 వేలు, అంటే సరిగ్గా ఒక ఉపాధ్యాయిని జీతం, లోటు పడుతుంది. పిల్లవాడికి డబ్బు కడుతున్నానని దాత అనుకుంటాడు. నిజానికి అతను కడుతున్నది టీచరు జీతం. అతను మానుకున్నప్పుడు దెబ్బ ముందుగా తగిలేదీ ఆమెకే. జీతం రెండు నెలలు ఆలస్యమైతే ఆమె మరో చోటికి వెళుతుంది. తరగతి మొత్తం నష్టపోతుంది, ఫీజు కట్టిన పిల్లలతో సహా.

అదీగాక, ఫీజు ఒక్కటే చదువు ఖర్చు కాదు. యూనిఫాం, బూట్లు, నోటుపుస్తకాలు, పరీక్ష ఫీజు, చలికాలంలో స్వెట్టరు. ఫీజు మాఫీ అయినా బూట్లు లేక బడి మానిన పిల్లలు ప్రతి బస్తీలోనూ ఉంటారు. పై లెక్కనే పట్టుకుంటే ఫీజు ఏడాదికి 6 వేలు, ఇతర ఖర్చులు మరో 3 వేలు. మొత్తం 9 వేలు. ధరలు పెరగవనుకున్నా పదేళ్ళకు 90 వేలు. మొదటి సంవత్సరమే ఈ సంఖ్యను దాత ముందు ఉంచే బడులు ఎన్ని? 9 వేలు అడగడం తేలిక, 90 వేలు అడగడం కష్టం గనుక నిర్వాహకులు మొదటిదే అడుగుతారు. మిగతా 81 వేల భారం దైవం మీద వేస్తారు.

విదేశాలలో ఈ పద్ధతికి దీర్ఘమైన చరిత్రే ఉంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో దిక్కులేనివారైన పిల్లల కోసం 1937లో ఆరంభమైన పథకమే నేటి ప్లాన్ ఇంటర్నేషనల్. బ్రిటన్‌లో యాక్షన్ ఎయిడ్ సంస్థ 1972లో పుట్టినప్పుడు దాని మొదటి పని భారత్, కెన్యాలలోని 88 మంది పిల్లలకు దాతలను కుదర్చడం. ఒక దాతకు ఒక పిల్లవాడు, ఒక ఫొటో, ఏడాదికి ఒక ఉత్తరం. డబ్బు రాబట్టడానికి ఇంతకంటె సులువైన మార్గం లేదు. దీనిలోని లోపాలూ త్వరలోనే బయటపడ్డాయి. 1982లో బ్రిటన్ పత్రిక న్యూ ఇంటర్నేషనలిస్ట్, ఈ పిల్లవాణ్ణి స్పాన్సర్ చేయవద్దు అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక సంచికనే వెలువరించింది. ఒకే వాడలో ఒకరికి కానుకలు, పక్కవాడికి మొండిచెయ్యి ఎదురయితే కలిగే ఈర్ష్య, దాతకు కృతజ్ఞతా లేఖలు రాయవలసి రావడంలోని అవమానం చర్చకు వచ్చాయి. 1998 మార్చిలో షికాగో ట్రిబ్యూన్ విలేకరులు స్వయంగా పిల్లలను స్పాన్సర్ చేసి, తరువాత వారిని వెతుక్కుంటూ వెళితే, మాలీ దేశంలో ఒక బాలిక మరణించి చాలాకాలమైనా ఆమె పేరిట డబ్బు వసూలవుతూనే ఉన్న సంగతి బయటపడింది.

అయితే ఈ విమర్శలు చూసి పద్ధతి మొత్తం వృథా అని తేల్చేయడమూ తొందరపాటే అవుతుంది. భారత్‌తో సహా ఆరు దేశాలలో ఒక సంస్థ స్పాన్సర్ చేసిన పిల్లలు పెద్దవారైన తరువాత వారి స్థితిని పరిశీలించిన వైడిక్, గ్లూవే, రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు 2013లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో ఫలితాలు ప్రకటించారు. స్పాన్సర్ అయిన పిల్లలు కానివారికంటె ఒక సంవత్సరానికి పైగా అధికంగా చదివారు. మాధ్యమిక విద్య పూర్తి చేసినవారూ వారిలో ఎక్కువే. ఇక్కడ గుర్తించవలసినది ఏమంటే ఆ పిల్లలకు సహాయం ఒక ఏడాదితో ఆగలేదు, ఏళ్ళ తరబడి అందింది. ఆ సంస్థ పేరు కంపాషన్ ఇంటర్నేషనల్. విదేశీ నిధుల నిబంధనల కారణంగా అది 2017 మార్చిలో మన దేశంలో కార్యక్రమాలు మూసుకోవలసి వచ్చింది. ప్రభుత్వ నిర్ణయం తప్పొప్పులు అలా ఉంచితే, దాతలందరూ ఒకే గొట్టం గుండా డబ్బు పంపుతున్నప్పుడు ఆ గొట్టం మూతపడితే పిల్లల గతి ఏమిటన్నది అందులోని పాఠం.

తెలుగునాట పేద విద్యార్థిని ఆదుకోవడం కొత్త సంగతి కాదు. వారాలు చేసుకుని చదివినవారి కథలు ప్రతి జిల్లాలోనూ వినిపిస్తాయి. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరో ఇంట భోజనం. ఒక గృహస్థుకు తప్పుకోవలసి వస్తే విద్యార్థికి ఒక పూట పోతుందే తప్ప చదువు పోదు. మిగతా ఆరు ఇళ్ళు ఉంటాయి. భారాన్ని పంచడంలోని తెలివి అది. దానిలో చిక్కూ ఉంది: ఆ గడపలు చాలావరకు కులం చూసి తెరుచుకున్నవే. టంగుటూరి ప్రకాశం పంతులు తల్లి ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి పిల్లలను పెంచారు. ఆయనను చదివించి రాజమండ్రి తీసుకువెళ్ళినవారు ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. కులం దాటిన ఆ ఒక్క ఆదరం ఒక ముఖ్యమంత్రిని తయారు చేసింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో బాలికలకు, హరిజన విద్యార్థులకు ఉచిత విద్య ఏర్పాటు చేసిన పిఠాపురం మహారాజా, ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు వ్యక్తిగత దానాన్ని ఒక నియమంగా మార్చారు. విద్యార్థి ఏ ధనికుని పేరూ తలవనక్కరలేదు; నియమం ప్రకారం అతనికి హక్కు ఉంది. ఇక ప్రవాసాంధ్రుల విషయంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఢిల్లీలో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ చెప్పుకోదగినది. విడివిడిగా తెలుగు పిల్లలకు ఫీజులు కట్టే బదులు ఆమె బడినే కట్టారు. పిల్లలు మారుతూ ఉంటారు, బడి నిలిచి ఉంటుంది.

భిలాయిలోనే మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. కర్మాగారానికి ముడి ఇనుము పంపే దల్లీ రాజహరా గనులలో 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్, కాంట్రాక్టు కార్మికుల చందాలతోనే బస్తీలలో బడులు నడిపింది. 1983లో షహీద్ ఆసుపత్రిని తెరిచింది. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఒక సంగతి ఒప్పుకోవలసి ఉంటుంది. రోజుకూలి మీద బతికేవారే తమ పిల్లల బడికి దాతలయ్యారు. అక్కడ కృతజ్ఞతా లేఖ రాయవలసిన బిడ్డ లేడు. దయగల వందమంది ధనికులకంటె చందా కట్టే వెయ్యిమంది తల్లిదండ్రులు బడికి భద్రత ఇస్తారని ఆ అనుభవం చూపింది. నేటి చిన్న బడులు పేద తల్లిదండ్రులను పూర్తిగా ఉచితం కింద రాసుకోవడం వల్ల ఈ బలాన్ని పోగొట్టుకుంటున్నాయి. నెలకు 50 రూపాయలైనా కట్టిన తల్లి బడి సమావేశంలో నోరు విప్పి అడుగుతుంది. ఏమీ కట్టని తల్లి తల వంచుకుని కూర్చుంటుంది.

ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని కదా, దాతలు దీనిలో వేలు పెట్టడమెందుకు అన్న ప్రశ్న సమంజసమైనదే. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను బలహీనవర్గాల, అననుకూల వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆ ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. తాను ఒక్కో బిడ్డపై పెట్టే ఖర్చు, బడి అసలు ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువయితే అది. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 12న ఈ నిబంధనను సమర్థించింది. 2014 నాటి తీర్పుతో మైనారిటీ విద్యాసంస్థలకు చట్టం నుంచి పూర్తి మినహాయింపు లభించింది. ఎనిమిదో తరగతితో ఆగే ఈ సౌకర్యాన్ని ఛత్తీస్‌గఢ్ 2019లో పన్నెండో తరగతి దాకా పొడిగించింది. ఇది అభినందించవలసిన చర్య. ఆ రాష్ట్రంలో ప్రాథమిక తరగతుల బిడ్డకు ఏళ్ళ తరబడి అమలైన చెల్లింపు రేటు సంవత్సరానికి 7 వేల రూపాయలు. పెద్ద బడులకు అది చాలదు. నెలకు 500 తీసుకునే బస్తీ బడికి మాత్రం దాని పూర్తి ఫీజు దక్కినట్లే. అంటే చట్టం ఎవరికైనా లాభసాటి అయితే అది చిన్న బడికే, చెల్లింపు సకాలంలో వస్తే.

ఆ ‘అయితే’ దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. చెల్లింపుల ఆలస్యం దాదాపు అన్ని రాష్ట్రాల ప్రైవేటు బడుల ఫిర్యాదు. పదిలక్షల నిల్వ ఉన్న బడి ఏడాది ఎదురుచూడగలదు. అద్దె ఇంట్లో నడిచే బడి మూడు నెలలు ఆగలేదు. దాతల డబ్బు ఉపయోగపడవలసిన మొదటి చోటు ఇది. ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ము వచ్చేదాకా బడికి బదులుగా ఇచ్చి, వచ్చిన తరువాత తిరిగి నిధిలో జమ చేసుకుంటే ఒకే రూపాయి ఏటా ఒక కొత్త బిడ్డకు ఆసరా అవుతుంది. ఇందుకు బదులుగా జరుగుతున్నదేమిటి? చట్టం కింద ఉచిత సీటుకు అర్హత ఉన్న బిడ్డకే దాత కూడా ఫీజు కడుతున్న సందర్భాలకు అవకాశం ఉంటున్నది. దాత అడగడు, బడి చెప్పదు. ఒక సీటుకు రెండు ఫీజులు చేరితే అది మోసం. బిడ్డ పేరు చట్టం కింద నమోదైందా లేదా అని ప్రతి దాతా అడిగి తీరాలి.

25 శాతానికి అవతల ఉన్నవారి సంగతి వేరు. బస్తీ బడిలో నూటికి ఇరవై అయిదుగురు మాత్రమే పేదలు అనుకోవడం చట్టం రాసినవారి పట్టణపు ఊహ. అక్కడ మిగతా డెబ్బై అయిదుగురూ కూలివారి పిల్లలే. అంతకంటె పెద్ద చిక్కు పత్రాలది. అననుకూల వర్గం కింద రావాలంటే కుల ధ్రువపత్రం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన ఒక విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్ననాడే బొంబాయి చేరి, అక్కడ వైద్యవిద్యలో రిజర్వేషన్ కోరినప్పుడు, ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డు హోదా వలస వెళ్ళిన రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990 మే 2న మర్రి చంద్రశేఖరరావు కేసులో స్పష్టం చేసింది. కొత్త రాష్ట్రంలో ఆ హోదా కోరేవారు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల తేదీకి తమ కుటుంబం అక్కడ స్థిరనివాసం ఉన్నట్లు చూపాలి. 1950లో భిలాయి ఉక్కునగరమే లేదు! దాన్ని కట్టడానికి ఆ తరువాత వచ్చిన దళిత కుటుంబం మనుమడు, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినా, ఏ తేదీని చూపగలడు? శ్రీకాకుళం వెళితే అక్కడ అతను పరాయివాడు, ఇక్కడ అతని కులం చెల్లదు. ఇటువంటి బిడ్డకు మిగిలిన దారి పేదరికం కింద అర్హత చూపడం. దానికి ప్రభుత్వ జాబితాలో పేరు ఉండాలి. అద్దె గదులు మారుతూ బతికే కాంట్రాక్టు కార్మికుని పేరు జాబితాలలోకి ఎక్కడం అంత సులభం కాదు. దాతల సీట్లు ముందుగా చేరవలసినది ఈ పిల్లలకు. మార్కుల జాబితా చూసి చురుకైనవారిని ఏరుకునే దాతలు దీనికి విరుద్ధంగా నడుస్తున్నారు. చురుకైన బిడ్డకు మరో దారి దొరకవచ్చు. పత్రం లేని బిడ్డకు దొరకదు.

తెలుగు దాతలు తెలుగు పిల్లలకే సీట్లు ఇవ్వాలన్న వాదన కూడా వినిపిస్తూ ఉంటుంది. పరదేశంలో భాషాభిమానం సహజమే, తప్పు పట్టనక్కరలేదు. కాని బస్తీ గోడలు భాషల వారీగా లేవు. తెలుగు కూలి పక్కింట్లో ఛత్తీస్‌గఢీ రైతుకూలి, ఆ పక్కన ఒడియా, ఆపైన బీహారీ. కర్మాగారం కోసం భూములు పోగొట్టుకున్నది ఛత్తీస్‌గఢీ పల్లెలే. వారి పిల్లవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి తెలుగు పిల్లవాణ్ణి లోపలికి పిలిచే బడి ఆ వాడలో ఎంతకాలం గౌరవం నిలుపుకోగలదు? భాష మీద మమకారం ఉన్నవారు సాయంత్రం ఒక గంట తెలుగు చెప్పే ఉపాధ్యాయునికి జీతం ఇవ్వవచ్చు. సీటు మాత్రం వాడలోని బిడ్డ ఎవరిదైనా కావాలి.

విదేశాలలో ఉన్నవారు గమనించవలసిన సాంకేతికాంశం ఒకటుంది. భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసి తన పొదుపు నుంచి పంపే సొమ్ము చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపేది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు లేని చిన్న బడి దానిని తీసుకోరాదు. నమోదైన పెద్ద సంస్థ ద్వారా పంపి అక్కడి నుంచి చిన్న బడికి మళ్ళించే దారిని 2020 సవరణ మూసివేసింది. ఈ సంగతి తెలియక నేరుగా ఖాతాకు డబ్బు పంపే అభిమానులు బడిని ఆదుకుంటున్నామనుకుని చిక్కుల్లోకి నెడుతున్నారు. భిలాయిలో ఉన్న తల్లిదండ్రులు తమ పింఛనులో నుంచి ఇవ్వగలిగితే అంతకంటె సులువైన దారి లేదు.

ఇంతకూ చేయవలసినది పెద్ద కష్టమేమీ కాదు. బిడ్డ పేరిట కాక బడి పేరిట నిధి ఉండాలి. సీటు నిధికి చెందాలి. ఏ దాత డబ్బు ఏ బిడ్డకు పోతున్నదో దాతకూ బిడ్డకూ తెలియనక్కరలేదు. వార్షికోత్సవం నాడు స్పాన్సర్ పిల్లలను వేదిక మీద వరుసగా నిలబెట్టి బ్యాగులు పంచే తంతును ఆపివేయాలి. తనతో ఆడుకునేవారి ఎదుట పేదవాడిగా ముద్ర పడిన బిడ్డ ఆ బ్యాగును మోస్తూ ఏమి నేర్చుకుంటాడో నిర్వాహకులు ఆలోచించడం లేదు. లెక్కలు మాత్రం వేదిక మీదే చదవాలి: వచ్చినదెంత, జీతాలకు పోయినదెంత, ఎంతమంది బిడ్డలు మధ్యలో మానారు, ఎందుకు మానారు. ఉక్కు ప్రాధికార సంస్థ వంటి కంపెనీలు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద లాభాలలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టవలసి ఉన్నాయి. విద్య ఆ జాబితాలో ఉన్నది. తన గేటు లోపల పనిచేసే కాంట్రాక్టు కార్మికుల పిల్లలు ఎందరు, వారు ఎక్కడ చదువుతున్నారు అన్న లెక్క తీయడం యాజమాన్యానికి పెద్ద పని కాదు. గేటు పాసుల రికార్డు దాని దగ్గరే ఉన్నది. ఈ లెక్క తేలితే దాతలు ఎక్కడ అవసరమో, ఎక్కడ కర్మాగారమే బాధ్యత వహించాలో తేలుతుంది. కాంట్రాక్టు షరతులలో పీఎఫ్, ఈఎస్ఐల పక్కన పిల్లల చదువు కూడా ఒక పద్దు కావాలని కార్మిక సంఘాలు ఎందుకు పట్టుబట్టడం లేదో అర్థం కాదు. పర్మనెంటు ఉద్యోగుల బోనసు మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు ఇటు మళ్ళినా చాలు.

ఐఐటీ భిలాయి 2016లో ఏర్పడింది. దుర్గ్ జిల్లా కుటేలాభాఠాలోని దాని శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతికి అంకితం చేశారు. ఆ ప్రాంగణానికి కొద్ది మైళ్ళ దూరంలోనే నెలకు 500 రూపాయల ఫీజు బాకీ పడి బడి మానే పిల్లలున్న బస్తీలు ఉన్నాయి.

జూన్ నెల నడుమ ఛత్తీస్‌గఢ్ బడులు తెరిచే నాటికి ప్రతి చిన్న బడిలో హాజరు పట్టీ పక్కన ఒక పుస్తకం ఉంటుంది. ఒక వైపు బిడ్డ పేరు, ఎదురుగా దాత పేరు, ఈ ఏడాది అందిన మొత్తం. ఆ పుస్తకంలో మరో గడి గీయవలసి ఉంది: ఈ బిడ్డ చదువుకు డబ్బు ఏ సంవత్సరం వరకు సమకూరింది? ఆ గడి గీసి నింపడం మొదలుపెడితే, నలభై పేర్లు ఉన్న పుస్తకంలో అది ఎన్నిచోట్ల ఖాళీగా మిగులుతుందో నిర్వాహకులకూ దాతలకూ ఒకేసారి కనిపిస్తుంది.